లారీల షెడ్డులో ఒక్కపొద్దు

బళ్ళారి, సిరుగుప్ప రోడ్ల మీద తిరిగే లారీల వెనక అక్షరాలు మీరెప్పుడైనా నిదానంగా చూసి ఉంటే, వాటిలో మంచివన్నీ నేను రాసినవే. చెడ్డవి నేను రాయలేదని కూడా చెప్పను. రెండేళ్ళ కిందట ఒక పది నెలలపాటు రాసినవి ఎక్కడైనా కనపడితే దయచేసి తల తిప్పుకోండి. ఆ పది నెలలూ నా చెయ్యి నా మాట వినలేదు.

నా పేరు సిద్ధేశ్. కప్పగల్లు రోడ్డులో పంపాపతన్న లారీ బాడీలు కట్టే షెడ్డు నడుపుతాడు, అందులో పెయింటర్ని. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాస్తాను. స్కేలు పెట్టను, చాక్‌పీసుతో గీత కొట్టుకోను. కుంచె ఆనించి, ఊపిరి బిగబట్టి లాగానంటే గీత ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. నాకు వచ్చింది ఈ ఒక్క విద్యే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పుకుంటాను.

అట్లాంటి చెయ్యి ఒకరోజు ఒక టిప్పరుకు కేఏ ముప్పైనాలుగు అని రాస్తుంటే మూడు దగ్గర వణికింది. మూడు కాస్తా వానపామయింది. డ్రైవరు దగ్గరికొచ్చి నా నోటి వాసన చూసి, "ఏమప్పా, పొద్దన్నే వేసుకున్యావా?" అన్నాడు. నేను జన్మలో తాగలేదంటే నమ్మినవాడు ఒక్కడూ లేడు. తర్వాత చొక్కా గుండీలు పట్టుకోవడం కష్టమయింది. మాట కూడా కొంచెం ముద్దముద్దగా రావడం మొదలైంది. బలహీనత అని టానిక్కు తాగించారు. దిష్టి అని అమ్మ ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నరాల వైద్యుడని ఒకాయన మోచేతి దాకా నూనె పూసి పంపాడు, ఆ నూనె చేతుల్లో కుంచె మరింత జారింది.

చివరికి కంటోన్మెంట్‌లో ఒక డాక్టరు నా గడ్డాన్ని ఒక మిషను మీద పెట్టించి కళ్ళలోకి లైటు వేసి చూశాడు. చూసి, పక్క గదిలో ఉన్న ఇంకో ఇద్దరు డాక్టర్లను పిలిచి చూపించాడు. నా కళ్ళకు అంత గిరాకీ అంతకుముందెప్పుడూ లేదు. నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు ఉంగరం ఉందట. రక్తం, మూత్రం పరీక్షలయ్యాక జబ్బు పేరు చెప్పారు. విల్సన్ జబ్బు.

డాక్టరు నాకు చెప్పినట్టే మీకూ చెప్తాను. తినే తిండిలో అందరికీ కొంచెం రాగి ఉంటుంది. కావలసినంత ఉంచుకుని మిగిలింది లివరు బయటికి తోసేస్తుంది. నా లివరుకు ఆ తోసే పని పుట్టుకతోనే రాదు. అందుకని రాగి ముందు లివరులో, తర్వాత తలలో పేరుకుపోయి చెయ్యి దాకా వచ్చింది. దీని విత్తనం అమ్మ దగ్గర ఒకటి, నాయన దగ్గర ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కటే ఉంది కాబట్టి వాళ్ళకేమీ కాలేదు. నాకు ఇద్దరూ తలా ఒకటి ఇచ్చారు.

"మాత్రలు జీవితాంతం వేసుకోవాలి," అన్నాడు డాక్టరు. "రోజుకు మూడుసార్లు, ఖాళీ కడుపుతో. తిన్న రెండు గంటలకు మాత్ర. మాత్ర వేసుకున్న గంటకు మళ్ళీ తిండి. మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో పడకూడదు. పాలు, టీ, టానిక్కు ఏదీ వద్దు. తిండితో కలిస్తే మాత్ర ఒంటికి పట్టదు. ఒకపూట మరిచిపోతే తర్వాతిపూట రెండు వేసుకోవద్దు. బాగయింది కదా అని నన్నడక్కుండా ఒక్కరోజు కూడా మానొద్దు. రాగి చెంబులో నీళ్ళు తాగొద్దు. శెనక్కాయలు, చాక్లెట్లు తగ్గించు."

శెనక్కాయల పొడి పడకుండా మా ఇంట్లో ఏ కూరా పొయ్యి దిగదు. అదే చెప్పాను. "అయితే మీ అమ్మ కొత్తగా వంట నేర్చుకోవాలి," అన్నాడు ఆయన. అమ్మ ముఖం చిన్నబోయింది.

వెళ్ళబోతుంటే ఇంకొక మాట చెప్పాడు. "మీది దగ్గరి సంబంధాల ఇల్లు. మేనమామల పిల్లలకు కూడా పరీక్ష చేయించండి. ముందే పట్టుకుంటే చెయ్యి వణికేదాకా రానక్కర్లేదు."

మా అమ్మ ఉరుకుందమ్మ ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న రాగి బిందె, చెంబులు, దేవుడి దగ్గరి ఉద్ధరిణె దాకా అన్నీ గోతంలో కట్టి పాత్రల అంగట్లో ఇచ్చేసి స్టీలువి తెచ్చింది. డాక్టరు చెప్పినవన్నీ గోడ మీద రాయించి, నేను తినే టైములు గడియారం కన్నా బాగా చూసుకుంది. కానీ ఆఖరిమాట ఒక్కటి మాత్రం ఆస్పత్రి మెట్ల మీదే వదిలేసింది.

"బసప్పకు చెప్పొద్దు," అంది.

"మామకు చెప్పకుంటే ఎట్లమా? డాక్టరు చెప్పలేదా?"

"చెప్తాం. ముందు పెండ్లి మాట కానీ."

బసప్ప మామ అమ్మకు తమ్ముడు, సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళిలో ఉంటాడు. ఆయన కూతురు నేత్రావతి. మా నాయన మా అమ్మకు సొంత మేనమామ. బసప్ప మామ పెండ్లాడిందేమో మా నాయన అన్న కూతుర్ని. ఆ లెక్కన ఆమె నాకు అక్కా అవుతుంది, అత్తా అవుతుంది. నేను అత్తా అనే పిలుస్తాను, అక్క అంటే బొరుగుల ఉగ్గానిలో నిమ్మకాయ తక్కువ పిండుతుంది. నేత్రావతి ఏ వైపు నుంచి చూసినా నాకు వరసే. ఆ పిల్ల పుట్టిన రోజునుంచే అమ్మ దాన్ని మా ఇంటి కోడలని అనేసుకుంది. నాకూ ఇష్టమేనని ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. అందుకే అమ్మ నోరు మూసుకోమంటే నేను మూసుకున్నాను.

ఇక షెడ్డులో వచ్చిపడిన తంటా చెప్తాను. నా మధ్యాహ్నం మాత్ర పదకొండున్నరకు. అంటే తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నోరు కట్టుకోవాలి. మా షెడ్డులో టీ వచ్చేదేమో పదిన్నరకు. బళ్ళారిలో టీ వద్దన్న మనిషిని ఎందుకు వద్దని మూడుసార్లు అడుగుతారు. నాలుగోసారి అడగరు, చేతిలో పెట్టేస్తారు. మాత్ర వేసుకున్నానంటే ఏం మాత్ర అంటారు. సిరుగుప్ప తాలూకా డ్రైవర్లు రోజూ షెడ్డుకొస్తారు, సాయంత్రానికి కబురు హచ్చొళ్ళి చేరిపోతుంది.

మొదటిరోజు పంపాపతన్న గ్లాసు చాపి, "తీస్కో అప్పా, సల్లారిపోతాది," అన్నాడు. నా నోటికి ఏదో ఒకటి రావాలి.

"ఒక్కపొద్దు ఉండానన్నా," అన్నాను.

ఆయన గ్లాసు వెంటనే వెనక్కి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. గ్లాసునే. జబ్బు, మాత్ర, డాక్టరు, ఏది చెప్పినా జరగని పని ఒక్క ఉపవాసం మాటతో జరిగిపోయింది.

"యా దేవునికి?"

"ఉరుకుంద ఈరన్నకు." అమ్మ పేరు నోట్లో ఆడుతుండబట్టి ఆ పేరే వచ్చింది.

"ఎన్ని దినాలు?"

"జీవితమంతా అన్నా."

చెప్పినదాంట్లో అదొక్కటే నిజం.

నాలుగు నెలలు గడిచేసరికి నా చెయ్యి నిలబడింది. మాట తేటపడింది. మూడు మళ్ళీ మూడులా వచ్చింది. నాకూ అమ్మకూ ఇది మాత్రల పుణ్యమని తెలుసు. షెడ్డులో వాళ్ళకు మాత్రం ఈరన్నస్వామి మహిమ కళ్ళకు కట్టినట్టు కనపడింది. ఒక్కపొద్దు చేత్తో నంబరు రాయిస్తే బండికి దెబ్బ తగలదని ఎవరో అన్నారు. అంతే, పన్నెండున్నరకు నేను ఒక్కపొద్దు విడిచేలోపే రాయమని లారీలు వరసగా నిలబడేవి. పంపాపతన్న నాకొక కొత్త చాప తెచ్చి వేశాడు. నన్ను 'ఏరా' అనడం మానేశాడు. నిజం చెప్పాలంటే అదంతా నాకు బాగానే ఉంది. ఇరవయ్యేడేళ్ళ వయసులో ఊరికే కూర్చుని భక్తుణ్ణయిపోయాను.

ఆ భక్తే నా కొంప ముంచింది. ఒక్కపొద్దు ఉన్నవాడు అన్నం వద్దనొచ్చు, టీ వద్దనొచ్చు. ప్రసాదం వద్దనకూడదు. ఈ సంగతి అబద్ధం చెప్పేముందు నేను ఆలోచించుకోలేదు.

శ్రావణమాసం వచ్చింది. మంత్రాలయం పోయొచ్చిన డ్రైవరు, ఉరుకుంద పోయొచ్చిన క్లీనరు, హులిగెమ్మ దగ్గర మొక్కు తీర్చుకున్న మెకానిక్కు, అందరూ నా దగ్గరికే. అదీ ఒక్కపొద్దు టైములోనే. ఉపవాసమున్న వాడికి ప్రసాదం పెడితే వాళ్ళకు కూడా కొంత పుణ్యమట. కొబ్బరి ముక్క, పుట్నాలు, శెనక్కాయల ఉండ, రాగి చెంబులో తీర్థం. తర్వాత తింటానని జేబులో వేసుకుని చూశాను. నేను నోట్లో వేసుకునేదాకా కదలకుండా ఎదురుగా నిలబడేవాళ్ళు. వాళ్ళ పుణ్యం నా గొంతు దిగాలి కదా. పదకొండున్నరకు మాత్ర, పదకొండూ నలభైకి శెనక్కాయల ఉండ. వేసుకున్న మాత్ర ప్రతిరోజూ బూడిదలో పోసినట్టే. ఇది తప్పని నాకు తెలుసు. తెలిసీ చెయ్యి చాపాను.

దసరా దాటాక ఒక బండికి ఆరు రాస్తుంటే లోపలి వంపు దగ్గర కుంచె సన్నగా అదిరింది. ఎవరూ గమనించలేదు. నేను మాత్రం ఆ ఆరును తుడిచి మళ్ళీ రాశాను.

డాక్టరు ఒకరోజు మూత్రమంతా పట్టి తెమ్మన్నాడు. పొద్దున్నుంచి మర్నాడు పొద్దున దాకా ఒక్క చుక్క వదలకుండా ఆస్పత్రి వాళ్ళిచ్చిన క్యానులో. పనికి సెలవు పెడితే ఎందుకని అడుగుతారు. అందుకని క్యాను షెడ్డుకే తీసుకుపోయి నా చాప వెనక పెట్టాను. మధ్యాహ్నం ఒక కొత్త డ్రైవరు వచ్చాడు. చాప చూశాడు, మూలనున్న క్యాను చూశాడు. "తీర్థమా సామీ?" అని భక్తిగా వంగి మూత తిప్పబోయాడు. నేను నా జన్మలో అంత వేగంగా లేవలేదు. "అది ముట్టరాదు," అన్నాను. ముట్టరాదంటే ఆయనకు భక్తి ఇంకా పెరిగింది. క్యానుకు దండం పెట్టుకుని పోయాడు.

రిపోర్టు వచ్చాక డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. "మాత్రలు మానేశావా?" అన్నాడు.

"లేదు సార్. ఒక్కపూట కూడా."

"మరి ఎప్పుడు తింటున్నావు?"

ప్రసాదం సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే లెక్క. ఇట్లాగే పోతే చెయ్యి సంగతి తర్వాత, లివరు నిలబడదు. నీకు తిండి పెట్టే ప్రతి మనిషికీ నువ్వు మాత్ర మీద ఉన్నావని తెలియాలి." కాగితాలు మూస్తూ అడిగాడు. "మీ మామ పిల్లలకు చెప్పారా?"

"చెప్పినాం సార్," అన్నాను. అమ్మ గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాతి వారమే బసప్ప మామ ఫోను చేశాడు. సెకండ్‌హ్యాండు వరికోత మిషను కొన్నాడట. హచ్చొళ్ళిలో కోతలు మొదలయ్యేలోపు దాని మీద 'శ్రీ ఈరన్నస్వామి ప్రసన్న' అని రాయాలి. అదీ ఒక్కపొద్దు చేత్తోనే రాయాలి. నా కీర్తి అక్కడికీ పాకింది. అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసింది. మిషను పని కాగానే పెండ్లి మాట కదపాలని ఆమె ఎత్తు.

బస్సు దిగి మామ ఇంటి ముందుకు వచ్చేసరికి పదకొండు దాటింది. వాకిట్లో సిమెంటు నేల మీద పొద్దున వేసిన ముగ్గు చెదరకుండా ఉంది. చుక్కల చుట్టూ మెలికలు తిరిగే పెద్ద ముగ్గు. లోపలికి పోబోతున్నవాణ్ణి అక్కడే ఆగిపోయాను. గీతలు చూడటం నా పని. ఆ గీత ప్రతి మెలిక దగ్గరా సన్నగా అదిరింది. నిటారుగా పోవాల్సినచోట కూడా అంచు పళ్ళుపళ్ళుగా ఉంది. తొందరలో వేసిన ముగ్గు వేరేగా ఉంటుంది, రాని చెయ్యి వేసిన ముగ్గు వేరేగా ఉంటుంది. ఇది వచ్చిన చెయ్యే, నిదానంగా వేసిందే. ఆ వణుకు నాకు బాగా తెలుసు. నా పది నెలల మూడు లాగే ఉంది.

"ఏం బావా, సామివై పోయినావంట. ముగ్గుక్కూడా దండం పెడ్తాండావా?"

నేత్రావతి గుమ్మంలో నిలబడి ఉంది. బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది, నోటికి తాళం లేదు. చేతిలో నీళ్ళ గ్లాసు. రెండు చేతులతో పట్టుకుంది. అయినా నా దగ్గరికి వచ్చేలోపు నీళ్ళు రెండుసార్లు తొణికి ఆమె వేళ్ళ మీద పడ్డాయి.

"ముగ్గు ఎవరేసినారు?" అన్నాను.

"ఇంకెవరు, నేనే. బాగాలేదని తెల్సులే. చేతుల్లో సత్తువ లేదు బావా. కాలేజీలో మేడమ్ గూడా రైటింగు కోడిగీతలైందని తిడ్తాండాది."

వెనకనుంచి అత్త అంది. "రక్తం తక్కువంటప్పా. టానిక్కు పోస్తాండా. దిష్టి గూడా తీసినా."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేత్రావతి వేళ్ళ మీది నీళ్ళనే చూస్తోంది. నేను చూస్తున్నానని తెలిసి తల తిప్పుకుని, "ఎండకు వచ్చినాం, లోపలికి పోదాం పా," అంది. ఆమెకు అర్థమయింది. అమ్మ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఏడాది మూసుకున్న నోరు నాది కూడా కాబట్టి, నా మీద అంతకన్నా ఎక్కువొచ్చింది.

పదకొండున్నరయింది. పెరట్లోకి పోయి మాత్ర వేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి మిషనుకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మామ నా కోసం చూస్తున్నాడు. మిషను నడిపే మనిషి, పక్కింటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా చేరారు. మామ చేతిలో రాగి చెంబు. అత్త చేతిలో పళ్ళెం నిండా బెల్లం, శెనక్కాయలు.

"ముందు నువ్వు తీస్కో సిద్ధేశప్పా," అన్నాడు మామ. "ఒక్కపొద్దు ఉన్నోని చెయ్యి పడినాకనే మాకు."

నేను చెయ్యి చాపలేదు.

"వద్దు మామా."

ప్రసాదాన్ని వద్దన్న మాట ఆ వాకిట్లో అంతకుముందు ఎవరూ విని ఉండరు. మిషను మనిషి నా ముఖం వంక చూశాడు. అమ్మ వెనకనుంచి నా చొక్కా పట్టుకుని లాగింది.

"నేను ఒక్కపొద్దు లేను మామా. ఎప్పుడూ లేను." జేబులోంచి మాత్రల డబ్బా తీసి మిషను మెట్టు మీద పెట్టాను. "ఇది వేసుకుని పది నిమిషాలయింది. ఇంకా యాభై నిమిషాలు నీళ్ళు తప్ప ఏమీ ముట్టరాదు. ఆ చెంబులో నీళ్ళు ఎప్పుడూ ముట్టరాదు. నాకు జబ్బుండాది. మన రక్తంలోనే ఉండాది. నా చెయ్యి ఎట్ల వణికిందో నేత్రావతి చెయ్యి అట్లే వణుకుతాండాది. అది రక్తం తక్కువ కాదు. టానిక్కు ఆపండి. సోమవారం కంటోన్మెంట్‌కు తీస్కరాండి, డాక్టరు కంట్లో చూస్తే తెలిసిపోతాది."

ఇంత మాట ఒక్క గుక్కలో చెప్పాను.

మామ చెంబు కింద పెట్టాడు. "నీకు ఎన్ని దినాల్నుంచి తెల్సు?"

"ఏడాది."

"మా పిల్లలకు చూపించమని డాక్టరు ఎప్పుడు చెప్పినాడు?"

"అప్పుడే."

మామ నన్ను తిట్టలేదు. అమ్మ వైపు తిరిగి, "అక్కా," అన్నాడు. అమ్మ అట్లాగే పట్టుచీరతో ఆ ముగ్గు పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

నేత్రావతి గుమ్మం దిగి వచ్చింది. తన చేతులు ముందుకు చాపి, వేళ్ళు విప్పి, అవి అదరడం కాసేపు చూసుకుంది. "బావా, ముగ్గు చూసే కనిపెట్టినావా?"

"ముగ్గు చూసే."

"అయితే అది అంత చెడ్డగా ఉండాదన్నమాట," అంది. నవ్వబోయి ఏడ్చింది.

సోమవారం ఆమె గడ్డం కూడా మిషను మీద పెట్టించారు. ఉంగరం ఉంది. నా అంత ముదరలేదు, లివరు కూడా పెద్దగా చెడలేదు. "ముందే వచ్చారు," అన్నాడు డాక్టరు. ఏడాది ముందు రావాల్సినవాళ్ళం. ఆయన అడిగితే ఆ మాట నేనే చెప్పాను, చెప్పినాం సార్ అన్నది అబద్ధమని కూడా ఒప్పుకున్నాను. నేత్రావతి తమ్ముడికీ పరీక్ష చేశారు, వాడికి జబ్బు లేదు.

పెండ్లి గురించి అమ్మ అడగలేక అడిగింది. ఇద్దరికీ జబ్బుంటే పుట్టే ప్రతి బిడ్డకూ వస్తుందని డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. ఆ కాగితం మామ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. తిరుగు బస్సులో అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పుట్టినప్పటినుంచి నాదని అందరూ చెప్పిన పిల్ల నాది కాకుండా పోయింది. కానీ నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఆ ఏడుపు దానంతటదే ఆగిపోయేది. మామ రెండు నెలలు అమ్మతో మాట్లాడలేదు. మూడోనెల కొత్తబియ్యం మూట పంపాడు.

షెడ్డులో కూడా నిజం చెప్పేశాను. పంపాపతన్న అంతా విని గడ్డం గోక్కున్నాడు. "అయితే ఆపొద్దు ఆ క్యానులో ఉన్నింది?"

"అదే అన్నా."

ఆయన నిదానంగా స్టూలు మీద కూర్చున్నాడు. "నేను గూడా దానికి దండం పెట్టినా కదప్పా," అన్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు రేకు మీద బోర్డు రాసి చాప పైన వేలాడదీశాను. కన్నడంలో, తెలుగులో. 'సిద్ధేశ్ మాత్ర వేసుకున్నాడు. పన్నెండున్నర దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వరాదు. ప్రసాదం కూడా.' డ్రైవర్లు వచ్చి చదివి, కొంచెం నిరాశపడి, మాత్ర దేనికని అడిగేవాళ్ళు. చెప్పేవాణ్ణి. నేను భయపడినట్టు ఎవరూ పారిపోలేదు. ప్రసాదం ఇప్పటికీ తెస్తారు. పంపాపతన్న స్టీలు డబ్బాలో పెట్టించి, శెనక్కాయలు ఏరేసి, మూత పెట్టి, గడియారం చూసి పన్నెండున్నరకు నా చేతికిస్తాడు. మధ్యలో ఎవరైనా నా వైపు టీ గ్లాసు చాపితే, "బోర్డు ఓదప్పా, ఓదు," అని, చదవమని కన్నడంలో కేకలేస్తాడు. ఒక్కపొద్దుకు కూడా ఇంత కాపలా లేదు.

రోజూ పదకొండున్నరకు నేత్రావతి ఫోను చేస్తుంది. "వేసుకున్యావా బావా?" "వేసుకున్యా. నువ్వు?" "ఇప్పుడే. క్యాంటీన్లో అందరూ బజ్జీలు తింటాండారు, నేను వాళ్ళ నోర్లు చూస్తాండా." ఆ గంటలో మనిషికి ఆకలి మరిపించడానికి ఎవరో ఒకరు మాట్లాడాలి. మేం ఇద్దరం ఒకరికొకరు ఆ పని చేసుకుంటాం.

ఆరోజు మిషను మీద పేరు రాయకుండానే వచ్చేశాను. ఏప్రిల్లో రెండో పంట కోతలకు ముందు మామ మళ్ళీ పిలిచాడు. ఈసారి ఒక్కపొద్దు మాట ఎత్తలేదు. వాకిట్లో ముగ్గు పోయినసారికన్నా పెద్దది, ఇంకా కష్టమైనది. కావాలనే వేసిందని తెలుస్తూనే ఉంది. నేను వంగి చూస్తుంటే నేత్రావతి గుమ్మంలోంచి అడిగింది.

"ఎట్లుండాది? సుళ్ళు చెప్పొద్దు." సుళ్ళంటే అబద్ధాలు.

"ఎడమపక్క మూడో మెలికలో కొంచెం అదిరింది."

"కొంచెమేనా?"

"కొంచెమే."

మాత్ర వేసుకుని మిషనెక్కి కుంచె పట్టాను. 'శ్రీ' మొదటి వంపు నుంచి చివరిదాకా ఒక్కచోట ఆగకుండా వచ్చింది. 'ప్రసన్న' మొదలుపెట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నేత్రావతి స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసుకుని వాకిలి దాటి నా దగ్గరికి వచ్చింది. నీకు ఇవ్వగలిగింది ఇదొక్కటే కదా బావా అని చెయ్యి పైకి చాపింది. ఒక్క చెయ్యే చాపింది. నేను కుంచె ఆపి ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయాను. ఒక్క చుక్క కింద పడలేదు. అప్పుడు టైము పన్నెండు. మా ఇద్దరికీ ఇంకా అరగంట ఉంది.